అద్దంలో వీడియో ఆగి ఆగి వస్తోందా? కొత్త బోర్డు కొనే ముందు ఇవి చూసుకోండి

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి హాల్లో, దేవుడి గది గుమ్మం పక్కన, నేను చేసుకున్న స్మార్ట్ అద్దం ఒకటి ఉంది. ముందు టూ వే అద్దం (వెనక వెలుగు ఉన్న చోట మాత్రం అవతలిది కనిపించే అద్దం), దాని వెనక నిలువుగా తిప్పిన పాత మానిటరు, మానిటరు వీపున రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఇక్కడ పై 3, పై 4, పై 5 అంటే ఆ బోర్డు రకాలే. మ్యాజిక్ మిర్రర్ సాఫ్ట్‌వేర్ మీద టైము, తిథి, వాన కబురు ఏడాది పాటు చక్కగా నడిచాయి. మా చెల్లెలు డల్లాస్ నుంచి కొడుకు తొలి అడుగుల వీడియో పంపిన రోజున మొదలైంది టెన్షన్.

నాన్నమ్మ కుర్చీ లాక్కుని అద్దం ముందు కూర్చుంది. పిల్లాడు సోఫా వదిలి ఒక కాలు ఎత్తాడు. ఆ కాలు అలా గాల్లోనే ఉండిపోయింది. వెనక చెల్లి చప్పట్లు, "రా నాన్నా, రా" అన్న పిలుపు మాత్రం ఆగకుండా వినిపిస్తున్నాయి. "ఏట్రా, గుంటడు కదలట్లేదేటి?" అంది నాన్నమ్మ. నా దగ్గర జవాబు లేదు.

బోర్డు పాతబడింది, కొత్తది కొనాలి అనుకున్నాను. అందరికీ ముందు తట్టేది అదే. సాయంత్రం బజారుకెళ్లి అడిగితే షాపతను కూడా అదే చెప్పాడు. ఎందుకో ఆగాను, ఆగడమే మంచిదైంది. తర్వాత రెండు నెలల్లో మా అద్దంతో పాటు లాసన్స్ బే కాలనీలో మావయ్య ఇంటి అద్దాన్నీ, గాజువాకలో బావ షాపులో ఉన్నదాన్నీ కూర్చుని సరిచేశాను. మూడింట్లో వీడియో ఆగిపోవడం చూడ్డానికి ఒకేలా ఉంది, మందు మాత్రం మూడు రకాలు. ఒక్క చోటే బోర్డు మార్చాల్సి వచ్చింది. ఏ వీడియో వేస్తారో తేల్చుకోకుండా బోర్డు కొనొద్దని ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

ఎలా ఆగుతోందో ముందు చూడండి

గుండ్రం తిరుగుతూ బొమ్మా శబ్దమూ రెండూ ఆగిపోతే అది నెట్ సమస్య. శబ్దం సాఫీగా వస్తూ బొమ్మ మాత్రం నిలిచిపోతే, వీడియోని విప్పే పని బోర్డుకి భారమవుతోందన్నమాట. మా ఇంట్లో జరిగింది ఇదే. మొదటి రెండు మూడు నిమిషాలు బాగా నడిచి, ఆ తర్వాత మెల్లగా మొరాయిస్తే వేడినో కరెంటునో అనుమానించాలి. శబ్దం వస్తూ తెర పూర్తిగా నల్లగా ఉంటే ఆ రకం వీడియో మీ బ్రౌజర్‌కి అర్థం కావట్లేదు. ఐఫోన్లలోనూ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో తీసిన వీడియోలకి ఇలా అవుతుంటుంది.

అసలు మొదలే కాకపోతే అది వేరే సంగతి. శబ్దం ఉన్న వీడియోని ఎవరూ నొక్కకుండా దానంతట అది మొదలవనివ్వకూడదని క్రోమ్ 2018లో నియమం పెట్టింది. అద్దానికి నొక్కేవాళ్లెవరూ ఉండరు కదా. వీడియోని మ్యూట్‌లో మొదలుపెట్టండి, లేదా బ్రౌజర్ సెట్టింగుల్లో ఆటోప్లేకి అనుమతి ఇవ్వండి. దానితో సరిపోతుంది.

తేల్చుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. అద్దం సాఫ్ట్‌వేర్ ఆపేసి, అదే వీడియోని ఎస్డీ కార్డులోకి కాపీ చేసి, డెస్క్‌టాప్ మీద వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో నేరుగా వేసి చూస్తాను. అక్కడ బాగా నడిచిందంటే లోపం బ్రౌజర్‌లోనో నెట్‌లోనో ఉంది. అక్కడా ఆగిందంటే ఫైలులోనో కరెంటులోనో ఉంది. పది నిమిషాల పని. బోర్డు కొనాలా వద్దా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

కరెంటు, వేడి, ఉప్పుగాలి

కింద చెప్పే మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా ముందు దీన్ని దాటాల్సిందే. పై 3కి 5 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు, పై 4కి 3 ఆంపియర్లు, పై 5కి 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. నేను వాడింది పాత ఫోను చార్జరు, దానికి రెండు మీటర్ల సన్నటి కేబులు. టైము, తిథి చూపించడానికి అది సరిపోయింది. వీడియో మొదలవగానే బోర్డు ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్న తీగలో వోల్టేజి పడిపోతుంది, బోర్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు తెర మూలన చిన్న పసుపు మెరుపు గుర్తు వస్తుంది. నా అద్దంలో సరిగ్గా ఆ మూల టేకు ఫ్రేము కింద దాగిపోయింది! ఫ్రేము విప్పిన రోజున గాని అది కనపడలేదు.

గుర్తు కోసం చూడక్కర్లేదు. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, వీసీజెన్‌సీఎండీ కమాండుకి గెట్ థ్రాటిల్డ్ జోడించి (vcgencmd get_throttled) నడపండి. 0ఎక్స్0 వస్తే బోర్డు ఆరోగ్యంగా ఉన్నట్టు. నాకు 0ఎక్స్50005 వచ్చింది. ఇప్పుడు కరెంటు చాలట్లేదు, ఇప్పుడు వేగం తగ్గించి నడుపుతున్నాను, ఇంతకుముందూ ఇలాగే జరిగింది అని దాని అర్థం. మంచి అడాప్టరు పెట్టి రీస్టార్ట్ చేశాక సున్నా వచ్చింది. ఆ ఒక్క మార్పుతోనే పిల్లాడి కాలు నేల మీదికి దిగింది, గెంతుతూ గెంతుతూ అయినా సరే.

వేడి కూడా ఇలాంటిదే. 80 డిగ్రీలు దాటితే ఈ బోర్డులు వేగం తగ్గిస్తాయి, 85 దగ్గర ఇంకా గట్టిగా. పై 3లో బీ ప్లస్ మోడల్ అయితే 60 దగ్గరే కొంచెం తగ్గుతుంది. అద్దం చెక్క పెట్టెలో గాలి ఆడదు, పైగా మానిటరు వేడి ఒకటి. మే నెలలో మన ఊరి ఉక్క తెలిసిందే. పెట్టెకి కింద, పైన వరస రంధ్రాలు వేసి, గోడకీ పెట్టెకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలి, చిప్ మీద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) అంటించండి. బోర్డుని మానిటరు పైభాగాన కాకుండా కింది భాగాన బిగించండి, వేడి పైకి పోతుంది.

మావయ్య ఇంట్లో సమస్య ఇంకో రకం. సముద్రానికి దగ్గర, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. కేబుల్ పీకి చూస్తే మైక్రో యూఎస్‌బీ పిన్ను మీద ఆకుపచ్చ తెలుపు కలిసిన పొర. వేలితో గీరితే పొడిగా రాలింది. కొత్త అడాప్టరు పెట్టినా ఆ పొర దగ్గరే వోల్టేజి పోతోంది. కరెంటు తీసేసి, మెత్తటి బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి శుభ్రం చేసి, ఆరాక కొత్త కేబులు పెట్టాను. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు హెచ్‌డీఎంఐ పిన్నులు కూడా ఏడాదికోసారి చూసుకోవాలి.

మొదటి దారి: వీడియోని మార్చడం

ఖర్చు లేనిది ఇదే, నేను ముందు చెప్పేదీ ఇదే. కుదించిన వీడియో మడత పెట్టి అట్టపెట్టెలో కుక్కిన పట్టుచీర లాంటిది. ఏ పద్ధతిలో మడిచారో తెలిసిన చేతికి విప్పడం తేలిక. పై 3లో హెచ్.264 అనే మడతని విప్పడానికి విడిగా ఒక హార్డ్‌వేర్ ఉంది, సెకనుకి 30 ఫ్రేముల 1080పీ దాకా దానికి ఇబ్బంది లేదు. హెచ్.265, వీపీ9, ఏవీ1 అనే వేరే మడతలు వచ్చాయంటే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

మా చెల్లి ఫోనులో తీసింది హెచ్.264లోనే ఉంది గానీ 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు. అంత ఎందుకు? అద్దంలో వీడియో పెట్టె నా రెండు అరచేతులంత ఉంటుంది. పైగా టూ వే అద్దం మానిటరు వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. నల్లగా ఉండాల్సిన చోట అద్దమే కనిపిస్తుంది. చీకటి దృశ్యం వేస్తే అందులో మన ముఖం మనమే చూసుకోవాలి. కాబట్టి ఇక్కడ రిజల్యూషన్ కన్నా వెలుతురు ముఖ్యం. పగటి వెలుగులో తీసిన 480పీ వీడియో, రాత్రి తీసిన 1080పీ కన్నా అద్దంలో బాగా కనిపిస్తుంది. రెండూ వేసి చూసి చెబుతున్నాను.

ల్యాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో ఫాస్ట్ 720పీ30 అనే తయారు సెట్టింగు ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండేలా కాన్‌స్టంట్ పెట్టండి, ఎందుకంటే ఫోన్లు తీసే వీడియోల్లో ఫ్రేమ్ రేటు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. ఎన్‌కోడర్ మామూలు 8 బిట్ హెచ్.264 అయి ఉండాలి, 10 బిట్ అయితే పై బోర్డులోని హార్డ్‌వేర్ దాన్ని ముట్టుకోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియోని అది ముందే కుదించేస్తుంది కాబట్టి చాలాసార్లు ఈ శ్రమ కూడా ఉండదు. డాక్యుమెంటుగా పంపితేనే ఒరిజినల్ వస్తుంది.

ఈ దారిలో లోటు ఒకటే: ప్రతి వీడియోనీ కూర్చుని మార్చాలి. ఇంట్లోవాళ్ల వీడియోలు, పెళ్లి క్లిప్పులు వేసుకునేవాళ్లకి చాలు. రోజూ యూట్యూబ్ కావాలనేవాళ్లకి ఇది కుదరదు.

రెండో దారి: ప్లేయర్‌ని మార్చడం

మ్యాజిక్ మిర్రర్ నడిచేది ఎలెక్ట్రాన్ మీద, అంటే లోపల ఉన్నది క్రోమియం బ్రౌజరే. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ మొదలయ్యేటప్పుడు జీపీయూ (బొమ్మల పని చూసే చిప్ భాగం) వాడకాన్ని ఆపేసి మొదలవుతుంది. బోర్డులో విప్పే హార్డ్‌వేర్ ఉన్నా బ్రౌజర్ దాని దగ్గరకి పోదు. ఎలెక్ట్రాన్ ఎనేబుల్ జీపీయూ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (సాఫ్ట్‌వేర్ మొదలయ్యే ముందు ఇచ్చే సెట్టింగు, ELECTRON_ENABLE_GPU) 1 చేసి మొదలుపెడితే తెర గీసే పని తేలికవుతుంది. కొన్ని మానిటర్ల దగ్గర దీనివల్ల తెర మిణుకుమంటుంది. అలా అయితే తీసేయండి.

అసలు మందు, వీడియోని బ్రౌజర్ లోపల కాకుండా ఎంపీవీ లేదా వీఎల్‌సీ లాంటి విడి ప్లేయర్‌తో వేయడం. అంచుల్లేని చిన్న కిటికీగా, అన్నిటికన్నా పైన ఉండేలా, అద్దంలో ఖాళీ వదిలిన చోట కూర్చోబెట్టాలి. అదే ఫైలు బ్రౌజర్‌లో వేసినప్పుడు నా పై 3లో నాలుగు కోర్లూ నిండిపోయేవి. ఎంపీవీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్ చేశాక బోర్డు ఊపిరి తీసుకుంది. పాత గైడ్లలో ఓఎంఎక్స్ ప్లేయర్ వాడమని ఉంటుంది. దాని కాలం అయిపోయింది, 2021లో వచ్చిన బుల్స్‌ఐ అనే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ నుంచి దాన్ని పక్కన పెట్టేశారు. దాని కోసం వెతికి సమయం పాడుచేసుకోకండి.

ఇబ్బందులు లేకపోలేదు. వీడియో కిటికీ తన కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, కాబట్టి తిథి ఎక్కడుండాలో ముందే సర్దుకోవాలి. మానిటరుని నిలువుగా తిప్పి వాడితే కదిలే బొమ్మ మధ్యలో అడ్డంగా చీలిక గీత కనిపించవచ్చు. పిల్లలు పరిగెత్తే వీడియోల్లో అది బాగా తెలుస్తుంది, కూర్చుని మాట్లాడే వీడియోల్లో దాదాపు తెలియదు. నేను దాంతో రాజీపడ్డాను.

మూడో దారి: బోర్డుని మార్చడం

బావ షాపులో ఇది తప్పలేదు. ఆయనకి పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం వార్తలు, అన్నీ యూట్యూబ్ నుంచే కావాలి. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 మడతల్లో. వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే ఏ మడతో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో కనిపిస్తుంది. బావ పై 3లో వీపీ09, అంటే వీపీ9 అని ఉంది, జారిన ఫ్రేముల లెక్క కళ్ల ముందే పరిగెడుతోంది. మామూలు క్రోమియంలో అయితే హెచ్264ఇఫై లాంటి ఎక్స్‌టెన్షన్ వేసి యూట్యూబ్ చేత హెచ్.264 పంపించుకోవచ్చు. అది కూడా చేశాం, 480పీ దాకా పర్వాలేదనిపించింది. కానీ రోజంతా నడిచే షాపులో అలా లాగడం నాకు నచ్చలేదు.

రాస్ప్‌బెర్రీ పైలోనే చిన్న రకం జీరో 2 డబ్ల్యూ చవక అని ఆశపడకండి. మెమరీ 512 ఎంబీ మాత్రమే, ఎలెక్ట్రాన్‌కే చాలదు. ఇక వీడియో ఎక్కడ? పై 4లో హెచ్.264 హార్డ్‌వేర్ ఉంది, హెచ్.265ని 4కే దాకా విప్పుతుంది. సొంత ఫైళ్లకి, కెమెరాలకి ఇది నాకు బాగా నచ్చిన బోర్డు. 2023లో వచ్చిన పై 5 గురించి కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: అందులో హెచ్.264 హార్డ్‌వేర్‌ని తీసేశారు, మిగిలింది హెచ్.265 ఒక్కటే. ప్రాసెసర్ జోరైనది కాబట్టి 1080పీని సొంత బలంతోనే విప్పేస్తుంది, కానీ దానికి తగ్గట్టు వేడెక్కుతుంది. మూసిన చెక్క పెట్టెలో ఫ్యాన్ లేకుండా పై 5 పెట్టమని నేను చెప్పను. దానికి 27 వాట్ల అడాప్టరే ఉండాలి, పాత 3 ఆంపియర్లది పెడితే యూఎస్‌బీ పోర్టులకి ఇచ్చే కరెంటు తగ్గించేస్తుంది.

యూట్యూబే ముఖ్యమైతే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ వైపు చూడండి. హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1 నాలుగింటినీ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, చిప్ రేటింగు 6 వాట్లే. బావ షాపులో పెట్టింది ఇదే. పై 5 బోర్డు, అడాప్టరు, ఫ్యాను, కేసు, కార్డు అన్నీ కలిపి లెక్కేసి చూడండి, ఆ మొత్తం మినీ పీసీ ధరకి దగ్గరగా వస్తుంది. ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి కొనే రోజున రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోండి. పెట్టె కొంచెం లావుగా ఉంటుంది, అద్దం ఫ్రేము లోతు ముందే కొలుచుకోండి. మేం కొలవకుండా తెచ్చి, ఫ్రేము వెనక ముప్పావు అంగుళం రీపరు కొట్టించాల్సి వచ్చింది.

ఇంట్లో పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఉంటే దాన్ని మరిచిపోకండి. కొన్నేళ్ల పాతదైనా హెచ్.264 విషయంలో దానికి బెంగ లేదు. అయితే బ్యాటరీ విప్పి పక్కన పెట్టండి. మూసిన పెట్టెలో రాత్రీ పగలూ చార్జింగులో ఉండే బ్యాటరీ ఉబ్బుతుంది. పాత ట్యాబ్‌ని అద్దం వెనక పెట్టే పద్ధతికి నేను ఒప్పుకోనిది కూడా ఇందుకే. ట్యాబ్‌లో వీడియో చక్కగా నడుస్తుంది, పని కూడా సులువు, కానీ బ్యాటరీ తీయలేం. వేసవిలో అది గోడకి, చెక్కకి మధ్య ఉంటుందన్న ఊహే నాకు భయం. టీవీ స్టిక్ అయితే వీడియో బ్రహ్మాండం, కానీ తిథీ టైమూ చూపించే అద్దం కాస్తా టీవీ అయిపోతుంది.

గేటు కెమెరా కావాలంటే

మావయ్యకి యూట్యూబ్ అక్కర్లేదు. గేటు దగ్గర ఎవరున్నారో అద్దంలో కనపడితే చాలు. పిన్ను శుభ్రం చేశాక కూడా కెమెరా బొమ్మ అయిదారు సెకన్లు ఆలస్యంగా వచ్చేది. పాలవాడు ప్యాకెట్లు పెట్టి వెళ్లిపోయాక అద్దంలో వచ్చేవాడు. కెమెరా బొమ్మని ఆర్టీఎస్‌పీ అనే పద్ధతిలో పంపుతుంది, దాన్ని బ్రౌజర్ నేరుగా తీసుకోలేదు. మధ్యలో గో2ఆర్టీసీ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే బ్రౌజర్‌కి అర్థమయ్యే వెబ్‌ఆర్టీసీ పద్ధతిలోకి మార్చి ఇస్తుంది. కెమెరా సెట్టింగుల్లో మెయిన్ స్ట్రీమ్ కాకుండా దానికన్నా తేలికైన సబ్ స్ట్రీమ్ తీసుకుని, అది హెచ్.265లో ఉంటే హెచ్.264కి మార్చాను. మానిటరు వెనక ఉన్న ఇనుప రేకు బోర్డు వైఫైకి అడ్డం పడుతోంది, రౌటరు నుంచి ల్యాన్ కేబులు లాగాం. బోర్డు మాత్రం పాత పై 3నే, ఒక్క రూపాయి కూడా దాని మీద పెట్టలేదు. ఇప్పుడు పాలవాడు గేటు తీస్తుండగానే మావయ్య కనిపెట్టేస్తున్నాడు.

మా ఇంట్లో కూడా అదే పై 3. మంచి అడాప్టరు, 720పీకి మార్చిన ఫైలు, ఎంపీవీ. మళ్లీ వేసిన రోజున పిల్లాడు సోఫా వదిలాడు, కాలు ఎత్తాడు, దించాడు, ఇంకోటి ఎత్తాడు. నాలుగో అడుగుకి బోర్లా పడబోతే నాన్నమ్మ కుర్చీలోంచి లేచి అద్దం వైపు చెయ్యి చాచింది.